నాయనమ్మ ఆపించిన బొమ్మ

పోయిన వారం ఒక పాత కాగితానికి జిరాక్స్ తీయిద్దామని మా వీధి చివరి షాపుకు వెళ్లాను. తమ్ముడు చాలాకాలంగా ఆ కాగితం అడుగుతున్నాడు. అసలుది ఇవ్వడానికి నాకు మనసొప్పడం లేదు. షాపు నడిపే ఆవిడ కాగితాన్ని మిషన్లో పెట్టి, బయటికొచ్చిన కాపీ చూసి, "సగమే పడిందండీ మేడమ్" అంది. నేను నోరు తెరిచేలోపే ఏదో బటన్ నొక్కి, ఇంకాస్త ముదురుగా మరొకటి తీసింది. దాంతోనూ తృప్తి పడక మూడోది తీసింది. ఆ మూడో కాపీలో కాగితం పసుపంతా బూడిదరంగయింది. ఒక పక్క చిన్నప్పుడు నేను చేసిన మరక నల్లటి మచ్చగా తేలింది. బొమ్మ మాత్రం ఉన్నంతే ఉంది.

"అసలు కాగితంలోనే అంతే ఉందమ్మా" అన్నాను.

ఆవిడ కాగితం తిప్పి వెనకవైపు కూడా చూసింది. "మరి ముఖమేదండీ? ఎవరిదీ బొమ్మ?"

"మా తాతయ్యది."

ఆవిడ మూడు కాపీలూ కవర్లో పెట్టి ఇచ్చింది.

ఇంటికొచ్చాక ఒకచోట కూర్చోలేకపోయాను. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయాను. చివరికి అలమరలోంచి ఆ బొమ్మ గీసిన ఏడాది డైరీ తీశాను. అప్పుడు నాకు పదేళ్లు. ఎరువుల కొట్టువాళ్లు నాన్నకు ఇచ్చిన డైరీలో ఆయన రాయకుండా వదిలేసిన పేజీల్లో నేను రాసుకునేదాన్ని. ఆ రోజు పేజీలో ఇలా ఉంది: "పొద్దున పెసరట్లు. బోర్డుల సాయిబు గారు వచ్చారు. తాతయ్య బొమ్మ పూర్తి కాలేదు. తాండ్ర రెండో పూత వేశారు." అంతే. ఇన్నేళ్లు డైరీలు రాసిన నాకు, ఆ నాలుగు ముక్కలతో ఆ రోజును సరిపెట్టేశానన్న సంగతి చాలా ఇబ్బంది పెట్టింది. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

ఆ వేసవిలో మా ఇంట్లో ఎవరూ కుదురుగా లేరు. తిరువూరు ఎండ పొద్దున్నే గోడలెక్కేది. రెడ్డిగూడెం వైపు తోటల నుంచి రసాల పళ్లు బండి మీద వచ్చేవి. వాటిని పిండి, బెల్లం కలిపి, పెరట్లో ఈతచాపల మీద పూత పూతగా ఆరబోసేవాళ్లు. ఇల్లంతా పులిసిన మామిడి వాసన, దాని చుట్టూ ఈగలు. తాండ్రకు కాకులు రాకుండా చూడమని నా చేతికొక కర్ర ఇచ్చారు. చాప అంచుల్లో ఆరిన ముక్కలు గోటితో లేపుకుని తినేదాన్ని. అమ్మ అడిగితే కాకి అనేదాన్ని. "ఆ కాకికి జడ కూడా ఉందా?" అని నాయనమ్మ వసారాలోంచి అనేది. ఆమెకు చూపు తగ్గిపోతోందని ఇంట్లో అందరూ దిగులు పడుతున్న రోజులవి. నా దొంగతనం మాత్రం ఆమెకు బాగానే ఆనేది.

ఆ చూపు సంగతే నాన్నను నిలవనీయలేదు. బెజవాడలో కంటి డాక్టరు పరీక్షించి, ఒక కన్ను ఎలాగూ పోయినట్టేననీ, రెండోది కూడా ఎన్నాళ్లుంటుందో చెప్పలేననీ అన్నాడు. నాన్న అక్కడినుంచి వచ్చిన రోజు నుంచీ వసారాకూ గేటుకూ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. ఆయన తన తండ్రిని చూడలేదు. నాయనమ్మకు ఐదో నెల నడుస్తుండగా తాతయ్య విషజ్వరంతో పోయాడు. ఫోటో లేదు. ఫోటో తీయిస్తే ఆయుష్షు తగ్గుతుందని మా ముత్తాతకు నమ్మకమట. తీయించకపోయినా తాతయ్య ఇరవై మూడేళ్లకే పోయాడు.

అందరిళ్లలోనూ ముందుగదిలో పెద్దవాళ్ల పటాలుండేవి. మా ఇంట్లో దూలం కింద ఒక మేకు ఉండేది. ఇల్లు కట్టించినప్పుడే నాన్న దాన్ని కొట్టించాడట. దానికి ఏమీ తగిలించేవాళ్లు కాదు.

"ఆయన్ని బాగా ఎరిగినదానివి నువ్వొక్కదానివే మిగిలావమ్మా" అనేవాడు నాన్న, నాయనమ్మ మంచం దగ్గర నిలబడి. "నీ చూపు ఉండగానే గీయిద్దాం. నువ్వు ఇదీ అని చెబితే చాలు. నేనొక్కసారి చూసుకుంటాను."

"చూద్దాంలేరా" అనేది నాయనమ్మ. ఆ మాట చాలా రోజులు నడిచింది.

చివరికి నాన్న బోర్డుల సాయిబు గారిని పిలిపించాడు. తిరువూరులో కొట్ల మీద పేర్లు, లారీల వెనక చిలకలు, గోడల మీద కుటుంబ నియంత్రణ వాళ్ల ఎర్ర త్రికోణాలు, వాటి పక్కన అమ్మా నాన్నా ఇద్దరు పిల్లల ముఖాలు, అన్నీ ఆయన రాసినవే. సన్నటి మనిషి, గడ్డం నెరిసింది, వేళ్ల గోళ్లలో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. ఆయనకు ఇంకో పని కూడా ఉందని ఊరందరికీ తెలుసు. ఫోటో లేకుండా పోయినవాళ్ల బొమ్మలు గీసేవాడు. ఆ ఇంటికి వచ్చి, బంధువులందరినీ వరసగా కూర్చోబెట్టి, పోయిన మనిషి నుదురు ఎవరికి వచ్చిందో, ముక్కు ఎవరికి వచ్చిందో అడిగి, ఒక్కొక్కరి దగ్గరా ఒక్కొక్కటి తీసుకుని కాగితం మీద చేర్చేవాడు. ఇంట్లో పెద్దవాళ్లు సరే అన్నాక దానికి నల్లరంగు పొడి అద్ది పూర్తి చేసేవాడు. అలా గీసిన పటాలు చుట్టుపక్కల ఊళ్లలో చాలా ఇళ్లలో దండలతో ఉండేవి.

ఆయన వస్తున్నాడని తెలిసి నెమలి అనే ఊరినుంచి నాన్న మేనత్త కూడా బస్సెక్కి వచ్చింది. తాతయ్యకు చెల్లెలు. నెమలిలో ఇచ్చారు కాబట్టి నేను ఆవిడను నెమలి మామ్మ అనేదాన్ని. తాతయ్య పోయేనాటికి ఆవిడకు ఆరేళ్లు. అయినా అంతా తనకే తెలుసన్నట్టు మాట్లాడేది. బస్సు దిగి వచ్చిన ఊపులోనే, చెంబు నీళ్లు కూడా తాగకుండా, "ముక్కు నాదే రాసుకో సాయిబూ. మా అన్నయ్యదీ నాదీ ఒకటే ముక్కు" అంది.

సాయిబు గారు వసారాలో బల్ల మీద కూర్చుని, అట్టకు కాగితం క్లిప్పు పెట్టి, బ్లేడుతో పెన్సిల్ చెక్కుకున్నాడు. "చూద్దామండీ. నుదురెవరిది?"

"ఇదిగో, దీనిది" అని నెమలి మామ్మ నన్ను ముందుకు తోసింది. 

నేను బల్ల ముందు పీట మీద కూర్చున్నాను. కాలి మీద ఈగ వాలింది. తాండ్ర దగ్గర కర్ర వదిలేసి వచ్చాను, కాకులు నిజంగానే దిగుతున్నాయి. "కదలకు పాపా" అన్నాడు ఆయన. ఒక గీత గీశాక మళ్లీ అన్నాడు. మూడోసారి, "నీ నుదురు ఇక్కడుంటే నువ్వు పెరట్లో ఉన్నావు" అన్నాడు. నవ్వొచ్చి ఇంకా కదిలాను.

నా నుదురు, నెమలి మామ్మ ముక్కు, నాన్న కళ్లు, ఇలా ఒక ముఖం కాగితం మీదికి వచ్చింది. సాయిబు గారు అట్టను నాయనమ్మ చేతికిచ్చాడు. ఆమె దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది.

"ఏమో" అంది.

"ఏమో ఏంటి వదినా, రెండేళ్లు కాపరం చేశావు" అంది నెమలి మామ్మ.

"చేశాను."

"మరి ముక్కు ఇలా ఉండేదా, ఉండేది కాదా?"

"ఉండేదేమో."

సాయిబు గారు విసుక్కోలేదు. కాగితం మార్చాడు. ముక్కు కాస్త పొట్టి చేశాడు. నాయనమ్మ మళ్లీ ఏమో అంది. మీసం పెట్టాడు. ఏమో. మీసం సన్నం చేశాడు. నాయనమ్మ ఈసారి అట్ట తిరిగి ఇచ్చేసి, కొంగుతో మెడ తుడుచుకుంది. నాన్న గేటు దాకా వెళ్లి వచ్చాడు. "అమ్మా, సరిగ్గా చూడు. నీకు గుర్తు రాకపోతే ఇంకెవరికి గుర్తుంటుంది?" అన్నాడు. ఆయన గొంతు అలా రావడం నేనంతకు ముందు వినలేదు. చిన్నపిల్లాడు తాయిలం అడిగినట్టుంది. నాలుగు కాగితాలు అలా పోయాయి.

మధ్యాహ్నం భోజనాలకు లేచాం. వంటింటి ముందు గదిలో పీటలు వేసి నాన్నకూ మాకూ విస్తళ్లు పరిచారు. సాయిబు గారికి విస్తరి వసారాలో, గుమ్మానికి అవతల వేశారు. అప్పట్లో అంతే. ఆయనా ఏమీ అనలేదు, మేమూ ఏమీ అనుకోలేదు. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. ఆయన కూర్చున్న చోటినుంచి తెరిచిన తలుపులోంచి మేం కూర్చున్న గది కనిపించేది.

ముద్దపప్పు, కొత్తావకాయ, వేడి అన్నం. నెయ్యి మాత్రం నాయనమ్మే వెయ్యాలి. ఆ పని ఎవరికీ ఇచ్చేది కాదు. వడ్డించేవాళ్లెవరైనా విస్తరి ముందుకొచ్చి వడ్డిస్తారు. నాయనమ్మ నాన్నకు మాత్రం వెనకనుంచి వచ్చి, కుడి భుజం మీదుగా వంగి నెయ్యి వేసేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే కాబట్టి అదేమీ వింతగా అనిపించేది కాదు.

ఆ రోజు కూడా అలాగే వంగింది. వంగి, ఆగిపోయింది. గరిటె విస్తరి మీద గాల్లో ఉంది. నాన్న తల వంచుకుని పప్పు కలుపుతున్నాడు. నెయ్యి బొట్టు ఆయన కండువా మీద పడింది.

"అమ్మా, చూసుకో" అన్నాడు.

"ఆఁ" అని నాయనమ్మ గరిటె వంచింది. చూపు ఆనలేదు పాపం అని నెమలి మామ్మ అమ్మతో మెల్లగా అంది. నేను వసారా వైపు చూశాను. సాయిబు గారు ముద్ద చేతిలో పట్టుకుని, నోట్లో పెట్టుకోకుండా, మా గదిలోకే చూస్తున్నాడు.

చేతులు కడుక్కున్నాక ఆయన నాన్నను వసారా అంచున కూర్చోమన్నాడు. "అటు తిరగండి బాబు గారూ. పెరటివైపు."

"అటు తిరిగితే మీకేం కనిపిస్తుంది?"

"తల కాస్త వంచండి. భోంచేస్తున్నట్టు."

నాన్నకు చిరాకేసింది, కానీ కూర్చున్నాడు. నేను సాయిబు గారి వెనక నిలబడ్డాను. ఈసారి ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. పెన్సిల్ మొదట చెవి దగ్గర పడింది. అక్కడ గట్టిగా నొక్కాడు, కాగితం వెనక ఆ ఒత్తు ఇప్పటికీ వేలికి తగులుతుంది. చెవి వెనకనుంచి ఒకే గీత మెడ మీదుగా భుజం దాకా దిగింది. జుట్టు ఆగిపోయే చోట నాలుగైదు పొట్టి గీతలు. చెంప ఎముక దగ్గర చిన్న ఉబ్బు. కండువా మడత ఒకటి మొదలుపెట్టాడు. వక్కపలుకు ఒకటి నమిలి ఊసేంత సేపు కూడా పట్టలేదు.

అప్పుడే నాయనమ్మ మజ్జిగ చెంబుతో వసారాలోకి వచ్చింది. సాయిబు గారు అట్టను ఆమె వైపు తిప్పాడు. ఆమె చెంబు కింద పెట్టి, అట్ట అందుకుని, వెలుగుకు పట్టుకుంది.

నాయనమ్మ తల మీద కొంగు వేసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ క్షణంలో ఆమె కొంగు తల మీదికి లాక్కుంది. రెండడుగులు వెనక్కి వేసి తలుపు చాటుకు జరిగింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, తలుపు అంచు పట్టుకుని, సగం కనిపిస్తూ నిలబడింది. అట్ట మాత్రం వదల్లేదు.

తాండ్ర మీద కాకి వాలితే తోలడానికి నేను కదల్లేదు.

"ఇక్కడ ఆపు నాయనా" అంది నాయనమ్మ తలుపు చాటునుంచి. "ఇంకేం గీయకు."

నాన్న వెనక్కి తిరిగాడు. లేచి వచ్చి అట్ట చూశాడు. "ఇదేంటి? ముఖం ఏదమ్మా? ఇది నా వీపు."

"నీది కాదురా."

"తండ్రిని చూపించమంటే వీపు చూపిస్తావా?"

"నేను చూసిందే చూపించాను" అంది. మిగతాదీ తనే చెప్పింది, నాన్నతో కాకుండా అట్టతో చెబుతున్నట్టు. "పద్నాలుగేళ్లకు కాపరానికి వచ్చాను. మగవాళ్ల ముందుకు వెళ్లకూడదు. ఆయన భోజనానికి కూర్చుంటే వెనకనుంచి వెళ్లి వడ్డించేదాన్ని. ఎడ్లు తోలుకుని వెళ్తుంటే తలుపు సందులోంచి చూసేదాన్ని. దీపం తీసేశాకే గదిలోకి పంపేవారు. తలెత్తి ఎదురుగా చూసింది జ్వరం వచ్చినప్పుడే. అప్పటికి ఆ ముఖం ముఖంలా లేదు. అది నీకు చెప్పనురా. నన్నడగకు."

నెమలి మామ్మ కూర్చున్నచోటే ఉండి, "మా అమ్మ అంత గట్టిగా ఉండేదా వదినా?" అంది. పొద్దుటినుంచీ ఆవిడ అడిగిన ప్రశ్నల్లో జవాబు తెలియక అడిగింది అదొక్కటే.

"మీ అమ్మ మంచిదే. అప్పుడంతే."

నాన్న ముఖం ఎర్రబడింది. నలభై ఏళ్లుగా తల్లి దగ్గర ఒకటి ఉందనుకున్నాడు, ఎప్పుడో ఇస్తుందనుకున్నాడు. అది ఆమె దగ్గర కూడా లేదని ఆ రోజు తెలిసింది. ఆమె మీద కోప్పడలేక సాయిబు గారి మీదకు వెళ్లాడు.

"మీరు గీయండి. పొద్దున గీసిన ముఖాల్లో ఏదో ఒకటి పూర్తి చేయండి. ఎ.కొండూరు దాకా గోడలన్నిటి మీదా నలుగురేసి ముఖాలు గీసుకుంటూ పోయారు కదా. వాళ్లందరినీ ఎవరిని చూసి గీశారు?"

"ఎవరినీ చూడలేదు బాబు గారూ" అన్నాడు సాయిబు గారు, పెన్సిల్ జేబులో పెట్టుకుంటూ. "అందుకే వాళ్లకెవరూ దండెయ్యరు. మీరు గీయమంటే గీస్తాను. అమ్మగారు ఎవరో తెలియని మనిషి కింద దీపం పెట్టుకోవాలి. అది చూసుకోండి."

నాన్న చెప్పులేసుకుని ఎండలోనే పొలం వైపు వెళ్లిపోయాడు. సాయిబు గారు క్లిప్పు తీసి కాగితాన్ని నాయనమ్మకే ఇచ్చాడు. కింద పేరు రాయలేదు. మజ్జిగ తాగి, అట్ట సైకిలుకు కట్టుకుని వెళ్లాడు.

ఆ కాగితాన్ని నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ఉద్యోగంలో ఉండగా ఊళ్లో ఎక్కడ చిత్రాల ప్రదర్శన పెట్టినా వెళ్లేదాన్ని. పూర్తయిన బొమ్మల ముందు నిలబడ్డప్పుడు కళ్లు వాటి మీద తిరిగి తిరిగి ఎక్కడో ఒకచోట కూర్చుంటాయి. ఈ బొమ్మలో కూర్చోవు. మెడ గీత భుజం దగ్గరికి వచ్చేసరికి పలచబడి కాగితంలో కలిసిపోతుంది, భూతద్దం పెట్టినా అది ఎక్కడ ఆగిందో తెలియదు. అక్కడినుంచి కన్ను మళ్లీ చెవి దగ్గరికి వెళ్తుంది, ఆ ఒత్తు దగ్గర కాసేపు నిలబడి, మళ్లీ కిందికి జారుతుంది. కండువా మడత సగంలో వదిలేశాడు కాబట్టి మనిషి ఇప్పుడే కదిలినట్టుంటుంది. తలుపు సందులోంచి చూసేవాళ్లకు అంతకంటే ఎక్కువ దొరకదు. ఇంకో గీత పడి ఉంటే అది చూసిన చూపు కాకుండా పోయేది. ఈ మాట నాకు చాలా ఏళ్లకు గానీ తట్టలేదు. తమ్ముడు మాత్రం అది నాన్న బొమ్మే అంటాడు, కూర్చున్నది నాన్నే కదా అని. నేను కాదంటాను. ఇద్దరం ఒప్పుకోం.

అప్పుడు మాత్రం నాకూ అది పూర్తి కాని బొమ్మే. మర్నాటి నుంచి ఇంట్లో గాలి మారిపోయింది. నాన్న భోజనానికి వచ్చి తన పీటను లాగి గోడకు ఆనించి వేసుకున్నాడు. వీపు గోడకు పెట్టి కూర్చున్నాడు. నాయనమ్మ నెయ్యి గిన్నెతో ఎప్పటిలాగే వెనకనుంచి రాబోయి, దారి లేక ఆగింది. రెండు క్షణాలు అక్కడే తచ్చాడింది. తర్వాత గిన్నె అమ్మ చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోయింది. రెండో రోజూ అంతే. మూడో రోజు నాయనమ్మ వంటింట్లోంచి రానే లేదు. తల్లీకొడుకులు పోట్లాడుకోలేదు, ఒక్క మాట తూలలేదు. నాన్న గబగబా నాలుగు ముద్దలు తిని లేచేవాడు. నాయనమ్మ పగలంతా విసనకర్ర పట్టుకుని విసురుకోకుండా కూర్చునేది. నెమలి మామ్మ ఇంకో రెండు రోజులుందామని వచ్చిన మనిషి, తాండ్ర ముక్క కొంగున కట్టుకుని మొదటి బస్సుకే వెళ్లిపోయింది.

ముఖం లేకపోవడమే కదా గొడవ అనుకున్నాను నేను. ఒక సాయంత్రం నాయనమ్మ పెట్టెలోంచి కాగితం తీసి, నా బడి పెన్సిల్తో ముఖం వేద్దామని కూర్చున్నాను. ఆ మనిషి అటు తిరిగి ఉన్నాడు కాబట్టి కన్ను వేయడానికి చోటే లేదు. అయినా చెంప గీతకు అవతల ఖాళీ కాగితం మీద ఒక కన్ను వేశాను. అది గాల్లో వేలాడుతూ నన్నే చూసింది. భయమేసి రబ్బరుతో చెరిపాను. పోలేదు. ఉమ్మి తడి చేసి చెరిపాను. మరక పెద్దదైంది. కాగితాన్ని ఎలా ఉందో అలా మడిచి పెట్టెలో పెట్టేశాను. నాయనమ్మకు ఆ మరక ఆనలేదో, ఆనినా అనలేదో తెలియదు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేకపోయాను. డైరీలో ఆ సంగతి రాయలేదు.

తర్వాతి ఆదివారం నాన్న నన్ను సైకిలు మీద బజారుకు తీసుకెళ్లాడు. నాకు బడి పుస్తకాలకు అట్టలు కొనాలి. దారిలో సెలూను దగ్గర ఆగాడు. నేను గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చున్నాను. లోపల పౌడరు వాసన, ఎవరో చదివి మడతలు విప్పేసిన పేపరు, గోడకు పెద్ద అద్దం. సెలూనాయన నాన్న మెడ చుట్టూ గుడ్డ కట్టి ముందు జుట్టు తగ్గించాడు. తర్వాత వెనక్కి వచ్చి, "మిషన్ పెట్టమంటారాండీ?" అన్నాడు.

"ఆగు" అన్నాడు నాన్న. "చిన్న అద్దం ఉందా?"

"కటింగు అయ్యాక చూపిస్తానండీ."

"ఇప్పుడు చూపించు."

ఆయన చేతి అద్దం తెచ్చి వెనక పట్టుకున్నాడు. నాన్న ముందున్న పెద్ద అద్దంలోకి చూశాడు.

"కాస్త కిందకి. ఇటు తిప్పు. ఇంకొంచెం పక్కకి."

వంతు కోసం కూర్చున్న ఒకాయన నవ్వి, "ఏంటండీ, పెళ్లిచూపులకేమైనా వెళ్తున్నారా?" అన్నాడు. నాన్న విన్నట్టు లేదు. గుడ్డ కిందనుంచి చెయ్యి తీసి, చెవి వెనక, సాయిబు గారు గీత మొదలుపెట్టిన చోట వేలు పెట్టుకున్నాడు. ఆ వేలు అద్దంలో చూస్తూ మెల్లగా కిందికి జరిపాడు. పెద్దవాళ్లు అద్దంలో తమ ముఖం చూసుకోవడం నాకు తెలుసు. నాన్న చూస్తున్నది ముఖాన్ని కాదు. ఆ వేసవి మొత్తంలో ఆయన అంతసేపు కదలకుండా కూర్చోవడం నేను చూసింది అప్పుడే. సెలూనాయనకు చెయ్యి నొప్పి పుట్టి అద్దం ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

"వెనక కత్తెర పెట్టకు" అన్నాడు నాన్న చివరికి.

"ముందంతా తగ్గించి వెనక వదిలేస్తే ఎబ్బెట్టుగా ఉంటుందండీ."

"ఉండనీ."

తిరిగి వచ్చేటప్పుడు నేను సైకిలు వెనక కూర్చుని కాళ్లు ఊపలేదు. చక్రంలో పెడతావని ప్రతిసారీ తిట్టే నాన్నకు ఈసారి తిట్టాల్సిన పని పడలేదు. నా కళ్ల ముందు ఆయన మెడ, దాని మీద పౌడరు, కత్తిరించకుండా వదిలేసిన జుట్టు. నాకు తెలిసిన నాన్న ఎక్కువగా అదే. బడికీ తిరునాళ్లకీ ఆ మెడ చూస్తూనే వెళ్లాను. మా ఇంట్లో ఇప్పుడు నాన్న ఫోటోలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కదాంట్లో కూడా అది లేదు.

భోజనం వేళకు నాన్న గదిలోకి వచ్చి, గోడ దగ్గరి పీటను కాలితో జరపకుండా వంగి చేత్తో తీసి, పాత చోట వేసుకున్నాడు. వంటింటి గుమ్మానికి వీపు పెట్టి కూర్చున్నాడు. అమ్మ అన్నం పెట్టింది, పప్పు వేసింది. నాన్న కలపలేదు. అమ్మ నెయ్యి గిన్నె తీయబోతే వద్దని చేత్తో ఆపాడు.

"అమ్మా" అని పిలిచాడు, తిరగకుండానే.

లోపల గిన్నె చప్పుడైంది. నాయనమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. పీట ఎక్కడుందో చూసింది. తర్వాత నడిచి వచ్చి కుడి భుజం మీదుగా వంగింది.

"వెనకాల సరిగ్గా కత్తిరించలేదేంట్రా?" అంది.

"ఉండనీయమ్మా" అన్నాడు. తల ఇంకొంచెం వంచాడు.

ఆ వానాకాలం దాటాక నాయనమ్మ చూపు పూర్తిగా పోయింది. తర్వాత కూడా చాలా ఏళ్లు నాన్నకు నెయ్యి ఆమే వేసింది. విస్తరి ఎక్కడుందో తెలియడానికి ఎడమ చెయ్యి ముందు నాన్న మెడ మీద ఆనించేది. ఆ చెయ్యి అక్కడ కావలసినదానికంటే ఎక్కువసేపే ఉండేది. ఆమె తీసేదాకా నాన్న అన్నం కలిపేవాడు కాదు.